ఏళ్ల తరబడి జావా రాస్తున్నా డిజైన్ ఎందుకు రావట్లేదు? (యానిమల్, డాగ్, క్యాట్ కాకుండా చెప్పండి)

కక్కలపల్లి_కోడర్
అనంతపురంలో చిన్న ఆఫీసులో జావా, స్ప్రింగ్ బూట్ మీద పని. టమాటా మండీలకు లెక్కల సాఫ్ట్‌వేర్ చేస్తాం. రైతు సరుకు దించుతాడు, వేలం అవుతుంది, ఆ తర్వాత పట్టీ చేతికివ్వాలి. అమ్మిన మొత్తంలోంచి తరుగు, కమీషన్, హమాలీ, బాక్సుల బాడుగ, ముందే తీసుకున్న అడ్వాన్స్ పోగా రైతుకు ఎంత మిగిలిందో చూపించేదే పట్టీ.

ఆ లెక్కంతా పట్టీసర్వీస్ అనే ఒకే క్లాస్‌లో ఉంది. రెండు వేల లైన్లు దాటింది. పని చేస్తోంది, కస్టమర్లు డబ్బులు కడుతున్నారు. కొత్తగా వచ్చిన టీమ్ లీడ్ మాత్రం రివ్యూలో ఒక్క ముక్క రాశాడు: "ఇది జావాలో రాసిన సి ప్రోగ్రాం. క్లాసులున్నాయి, ఆబ్జెక్టులు లేవు."

ఎన్‌క్యాప్సులేషన్, ఇన్‌హెరిటెన్స్, పాలిమార్ఫిజం, ఆబ్‌స్ట్రాక్షన్. నిద్రలో లేపి అడిగినా చెప్తా. డబ్బులు పెట్టి కోర్సులు కూడా కొన్నా. ఏది తెరిచినా ఉదాహరణకు అదే యానిమల్ క్లాస్, దాని కింద డాగ్, క్యాట్. మా మండీ చుట్టూ కుక్కలు బోలెడున్నాయి గానీ వాటికి పట్టీ ఇవ్వం.

ఉద్యోగం చేసుకుంటూ ఓఓ (ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్) డిజైన్ నేర్చుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఎట్ల నేర్చుకున్నారు?

బగ్గు_భాస్కర్
రెండు వేల లైన్లకే గాబరా పడితే ఎట్లప్పా. మా దగ్గర యుటిల్స్ అని ఒక క్లాస్ ఉంది, తెరిస్తే ఎడిటర్ కాసేపు ఊపిరి పీల్చుకుంటుంది. పక్కనే యుటిల్స్2 కూడా ఉంది.

సీమ_జావా
ముందు క్లాసుల డిజైన్‌కు చెప్పే సాలిడ్ సూత్రాలు ఐదూ పట్టు. తర్వాత 1994లో నలుగురు కలిసి రాసిన పుస్తకంలోని 23 డిజైన్ ప్యాటర్న్లు (తరచూ వచ్చే డిజైన్ సమస్యలకు పేరుపెట్టిన పరిష్కారాలు) రోజుకొకటి చొప్పున చేత్తో రాసి చూడు. నెల తిరిగేసరికి వచ్చేస్తుంది. అందరూ ఇట్లే నేర్చుకున్నారు.

నల్లబండ
సీమ_జావా, అందరూ అంటే ఎవరు బ్రో? మాది కడప. బండల ఫ్యాక్టరీలకు బిల్లింగ్ చేస్తాం. మా టీమ్‌లో ఒకాయన సరిగ్గా నువ్వు చెప్పినట్టే చేశాడు. ఏ వారం ఏ ప్యాటర్న్ చదువుతున్నాడో ఆయన కోడ్ చూస్తే తెలిసిపోయేది. పన్ను రేటు ఒకటి మార్చాలంటే బిల్డర్ దగ్గరికి వెళ్లి, అక్కణ్ణుంచి ఫ్యాక్టరీకి వెళ్లి, అక్కణ్ణుంచి విజిటర్‌ని పట్టుకోవాలి, అన్నీ ప్యాటర్న్ల పేర్లే. ఆయన బెంగళూరు వెళ్లిపోయాడు. ఫ్యాక్టరీలు మాకు మిగిలాయి.

ఉగ్గాని_బజ్జి
కడపలో ఉన్న బండల ఫ్యాక్టరీలు చాలవని కోడ్‌లో కూడా పెట్టినారా

పైథాన్_పెద్దన్న
ఇంకా ఓఓపీ ఏందప్పా. పట్టీ అంటే లెక్క. ఇది ఇస్తే అది రావాలి. నాలుగు ఫంక్షన్లు, ఒక డిక్షనరీ, అయిపోయింది. కర్నూలులో ఉల్లి వ్యాపారులకు మేము ఇట్లే చేసి ఇచ్చాం. నడుస్తోంది.

టెస్టర్_అక్క
ప్యాటర్న్లా పైథానా అని తర్వాత కొట్టుకుందురు. కక్కలపల్లి_కోడర్, నాకు ఒకటి చెప్పు. ఆ క్లాస్‌లో ఏ మార్పు అడిగితే నీకు టెన్షన్ మొదలవుతుంది?

కక్కలపల్లి_కోడర్
కమీషన్ అక్కా. ఒక మండీ శాతం లెక్కన తీస్తుంది, ఇంకో మండీ బాక్సుకు ఇంత అని తీస్తుంది. ఒకాయన ఏళ్లుగా వస్తున్న రైతులకు తగ్గిస్తాడు. తరుగుదీ అదే గొడవ. వంద బాక్సులకు ఇన్ని అని తీసేవాళ్లున్నారు, కాయ చూసి గుమాస్తా చెప్పినంత తీసేవాళ్లున్నారు. కొత్త మండీ చేరిన ప్రతిసారీ మండీ కోడ్ చూసే ఇఫ్ ఇంకొకటి పెరుగుతుంది. అదే ఇఫ్ పట్టీ ప్రింట్‌లో ఉంది, రైతుకు పంపే ఎస్ఎంఎస్‌లో ఉంది, నెల రిపోర్టులో ఉంది, ఎక్సెల్ డౌన్‌లోడ్‌లో ఉంది. ఈ సీజన్‌లో ఒక రైతుకు పట్టీలో ఒక మొత్తం, ఫోన్‌లో ఇంకో మొత్తం వెళ్లాయి. ఆ ఎస్ఎంఎస్ కోడ్ నేను చేరకముందు నుంచీ ఉన్నది. తిట్లు మాత్రం నాకే.

టెస్టర్_అక్క
ఇదే నీ సిలబస్. పుస్తకం ఏదీ తెరవక్కర్లేదు ఇప్పుడు. కమీషన్ ఎంతో తెలిసినవాడు కోడ్‌లో ఒక్కడే ఉండాలి, మిగతావాళ్లు వాణ్ణి అడగాలి. మీ దగ్గర నలుగురున్నారు.

కడప_మేష్టారు
నేను ఇంజనీరింగ్ కాలేజీలో ఈ సబ్జెక్టే చెప్తాను. కుక్క గురించి మా తరఫు వాదన కూడా వినండి. పరీక్షలో "ఇన్‌హెరిటెన్స్‌ను ఉదాహరణతో వివరింపుము" అని పది మార్కులకు వస్తుంది. దానికి కుక్క సరిపోతుంది. డిజైన్ ప్రశ్న అడిగితే సరైన జవాబులు నాలుగుంటాయి, దిద్దేవాడి చేతిలో కీ ఒకటే ఉంటుంది. అందుకే ఎవరూ అడగరు.

టెస్టర్_అక్క చెప్పిన విషయం పాతదే. 1972లో డేవిడ్ పార్నస్ ఒక పేపర్ రాశాడు. ఒక చిన్న ప్రోగ్రాంను రెండు రకాలుగా ముక్కలు చేసి చూపిస్తాడు అందులో. మొదటిది ఫ్లోచార్టు వరసలో: డేటా చదివేది ఒక మాడ్యూల్, సార్ట్ చేసేది ఒకటి, ప్రింట్ చేసేది ఒకటి. రెండోది వేరే రకం. ఏ నిర్ణయాలు ముందు ముందు మారొచ్చో ముందుగా రాసుకుని, ఒక్కో నిర్ణయాన్ని ఒక్కో మాడ్యూల్ లోపల దాచేస్తాడు. డేటాను మెమరీలో పెట్టే తీరు మార్చాల్సి వస్తే మొదటి పద్ధతిలో దాదాపు అన్ని మాడ్యూళ్లనూ కదిలించాలి. రెండో దాంట్లో ఒక్కదాన్ని ముట్టుకుంటే చాలు.

మీ పట్టీసర్వీస్ మొదటి పద్ధతి. సరుకు చదువు, తరుగు తీయి, కమీషన్ తీయి, ప్రింట్ కొట్టు. పని జరిగే వరసలో రాసుకుంటూ పోయారు. మారేవి ఏవో ఆ వరసలో కనిపించవు.

అన్నట్టు, ఓఓ పుట్టింది కూడా జంతువుల వర్గీకరణ కోసం కాదు. నార్వేలో డాల్, నైగార్డ్ అనే ఇద్దరు సిమ్యులేషన్లు రాసుకోవడానికి చేసిన భాష సిమ్యులా. క్లాస్, సబ్‌క్లాస్ అనేవి సిమ్యులా 67తో వచ్చాయి. ఒక వ్యవస్థలో ఎవరెవరు ఉన్నారు, ఎవరు ఎప్పుడు ఏం చేస్తారు అనేది వాళ్ల సమస్య. మీ మండీకి అదే దగ్గరగా ఉంటుంది.

పైథాన్_పెద్దన్న
అయితే పార్నస్ నా వైపే కదా మేష్టారూ. మాడ్యూల్‌లో దాచితే చాలు, క్లాస్ ఎందుకు?

కడప_మేష్టారు
ఆయన ఎవరి వైపూ కాదు. మీ డిక్షనరీలోని కమీషన్ విలువను బయటి ఫంక్షన్ ఏదైనా మార్చగలదా, లేదా? అది చెప్పండి.

పైథాన్_పెద్దన్న
మార్చగలదు. కానీ ఎవరూ మార్చరు.

బగ్గు_భాస్కర్
మా ప్రొడక్షన్ డేటాబేస్ పాస్‌వర్డ్ గురించి కూడా మా మేనేజర్ ఇదే మాట అంటాడు

తుంగభద్ర_గట్టు
స్ప్రింగ్‌లో పెరిగిన మనందరికీ ఉన్న అలవాటు ఒకటుంది. ముందు టేబుల్ గీస్తాం. టేబుల్‌కొక క్లాస్, దాన్నే ఎంటిటీ అంటాం. దానిమీద లాంబాక్ లైబ్రరీలోని డేటా అని ఒక అనోటేషన్ పడేస్తాం, విలువ చదివే గెట్టర్లు, మార్చే సెట్టర్లు, ఈక్వల్స్, హ్యాష్‌కోడ్ అన్నీ వచ్చేస్తాయి. తర్వాత ఆ ఎంటిటీ మీద చేసే ప్రతి పనీ సర్వీస్‌లో రాస్తాం. ఎంటిటీకి తన గురించి తనకు ఏమీ తెలియదు. మీ లీడ్ అన్నది ఇదే. రివ్యూలో ఇంకొంచెం మర్యాదగా రాసి ఉండొచ్చు, అది వేరే సంగతి.

నాకు పనికొచ్చిన అభ్యాసం ఒకటి చెప్తా. ఒకే ఒక్క ఎంటిటీ తీసుకో. నీ విషయంలో లాట్, అంటే రైతు దించిన సరుకు అనుకుందాం. లాంబాక్ తీసేసి, సెట్టర్లు ఒక్కొక్కటే ప్రైవేట్ చేసుకుంటూ పో. కంపైలర్ ఎక్కడెక్కడ అరుస్తుందో అక్కడికి వెళ్లి చూడు. ఉదాహరణకు తరుగు సెట్ చేసే చోట ఏం జరుగుతోంది? బాక్సులెన్నో గెట్ చేసి, కాయ గ్రేడ్ గెట్ చేసి, ఏదో లెక్క కట్టి, మళ్లీ తరుగు సెట్ చేస్తుంటారు. లాట్ దగ్గర ఉన్నవన్నీ బయటికి లాగి, బయట లెక్కేసి, మళ్లీ లోపల పెట్టడం. ఆ నాలుగు లైన్లు లాట్ లోపలికి వెళ్లాలి. ఆ మెథడ్ పేరు "సెట్" అని మొదలవకూడదు. మండీలో ఏమంటారో అదే పెట్టు. తరుగుతీయి, వేలంముగించు, ఇట్లాంటివి.

వారం రోజులు ఇది చేస్తే ఎన్‌క్యాప్సులేషన్ అంటే గెట్టర్లు సెట్టర్లు పెట్టడమని చెప్పినవాళ్ల మీద కోపం వస్తుంది.

కడప_మేష్టారు
కోపం కొంచెం తగ్గించుకోండి, సిలబస్‌లో అలాగే ఉంది.

కక్కలపల్లి_కోడర్
తుంగభద్ర_గట్టు అన్నా, సెట్టర్లు తీసేస్తే హైబర్నేట్ (ఆబ్జెక్టులను డేటాబేస్‌లో దాచి, తెచ్చే లైబ్రరీ) ఒప్పుకోదు కదా?

తుంగభద్ర_గట్టు
ఒప్పుకుంటుంది. ఐడీ అనోటేషన్‌ను గెట్టర్ మీద కాకుండా ఫీల్డ్ మీద పెడితే అది నేరుగా ఫీల్డులే చదువుతుంది, రాస్తుంది. సెట్టర్ల అవసరమే లేదు. దానికి కావాల్సింది ఆర్గ్యుమెంట్లు లేని కన్‌స్ట్రక్టర్ ఒకటి. అదీ పబ్లిక్ కానక్కర్లేదు, ప్రొటెక్టెడ్ చాలు. మిగతా కోడ్‌కు మాత్రం రైతు, బాక్సుల సంఖ్య, తేదీ అన్నీ అడిగే కన్‌స్ట్రక్టర్ ఒక్కటే కనిపించాలి. రైతు లేని లాట్ అసలు పుట్టకూడదు.

కొత్త_కొలువు
మధ్యలో అడ్డొస్తున్నా. నాకు ఇంటర్వ్యూల్లో పార్కింగ్ లాట్ డిజైన్ చెయ్, లిఫ్ట్ డిజైన్ చెయ్ అని అడుగుతున్నారు. పైన చెప్పినవి వాటికి పనికొస్తాయా, వేరేగా చదవాలా?

ఉగ్గాని_బజ్జి
పార్కింగ్ లాట్ చూడాలంటే పండగ ముందు రోజు ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల దగ్గరికి వెళ్లు. అక్కడ ఏ డిజైనూ పని చేయదు.

సీమ_జావా
కొత్త_కొలువు, దానికి మాత్రం ప్యాటర్న్ల పేర్లు చదివే వెళ్లు. ఇక్కడ నన్ను తిడుతున్నవాళ్లంతా ఇంటర్వ్యూకి చదివే వెళ్లారు.

టెస్టర్_అక్క
అది నిజమే. నేనూ ఇంటర్వ్యూలు తీసుకుంటాను కాబట్టి చెప్తున్నా. క్లాసుల పేర్లు గబగబా బోర్డు మీద రాసేవాళ్లకంటే "బైకులకు వేరే రేటు ఉంటుందా? రాత్రి ఉంచితే ఎట్ల లెక్క?" అని ముందు అడిగేవాళ్లకే నేను మార్కులు వేస్తాను.

నల్లబండ
ఇన్‌హెరిటెన్స్ గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి మా బండల కథ చెప్తా. పొడుగ్గా ఉంటుంది.

మా పాత కోడ్‌లో బండ అని ఒక పేరెంట్ క్లాస్. కింద పాలిష్‌బండ, రఫ్‌బండ. వినడానికి కుక్క, పిల్లి లాగే చక్కగా ఉంది. తర్వాత మందం వచ్చింది, పలచ, దళసరి. రేటు వేరు కాబట్టి పలచపాలిష్‌బండ, దళసరిపాలిష్‌బండ. తర్వాత అంచు. మెషీన్ కోత, చేతి కోత. రెండు ఫినిష్‌లు, రెండు మందాలు, రెండు అంచులు కలిపితే ఎనిమిది క్లాసులు. అంతలో బయటి ఊళ్ల ఆర్డర్లకు లెదర్ ఫినిష్ అడిగారు. పన్నెండు. ఎవరైనా ఇంకో మందం అడిగితే పద్దెనిమిది అయ్యేవి.

ఇప్పుడు బండ ఒక్కటే క్లాస్. దాని లోపల ఫినిష్ ఒకటి, మందం ఒకటి, అంచు ఒకటి. చదరపు అడుగుకు తన వల్ల ఎంత పెరుగుతుందో ఒక్కోదానికి తెలుసు. బండ ఆ మూడింటినీ అడిగి విస్తీర్ణంతో గుణిస్తుంది. కొత్త ఫినిష్ వస్తే కొత్త క్లాస్ ఒకటి, మిగతా కోడ్‌ను ఎవరూ ముట్టుకోరు.

ఇన్‌హెరిటెన్స్ కంటే కంపోజిషన్ (ఇట్ల ఒక ఆబ్జెక్టులో వేరే ఆబ్జెక్టులు పెట్టుకోవడం) మేలు అని ప్రతి బ్లాగులో ఉంటుంది, నేను చాలాసార్లు చదివా. మూడో ఫినిష్ అడిగిన రోజు దాకా అది నాకు వట్టి మాటే.

తుంగభద్ర_గట్టు
ఇన్‌హెరిటెన్స్ మోజు జావా చేసినవాళ్లకూ తప్పలేదు. జావాలో స్టాక్ క్లాస్ వెక్టర్ అనే జాబితా క్లాస్‌ను ఎక్స్‌టెండ్ చేస్తుంది, అంటే దానికి చైల్డ్. స్టాక్ అంటే పైన పెట్టాలి, పైనుంచే తీయాలి. వెక్టర్‌కు పుట్టింది కాబట్టి మధ్యలో కూడా దూర్చేయొచ్చు, ఎవరూ ఆపరు. మొదటి వెర్షన్ నుంచీ అట్లే ఉంది. ఇప్పుడు తీసేస్తే ప్రపంచంలోని పాత ప్రోగ్రాంలు ఆగిపోతాయి. దాని డాక్యుమెంటేషన్‌లోనే బదులుగా డెక్ అనే ఇంటర్‌ఫేస్ వాడుకోమని ఉంటుంది. ప్రాపర్టీస్ క్లాస్ హ్యాష్‌టేబుల్‌ను ఎక్స్‌టెండ్ చేయడమూ ఇదే తంతు. స్ట్రింగులే ఉండాల్సిన చోట ఏదైనా పెట్టొచ్చు.

సీమ_జావా
బార్బరా లిస్కోవ్ 1987లో చెప్పింది ఇదే కదా. పేరెంట్ ఉన్నచోట చైల్డ్‌ను పెడితే ప్రోగ్రాం తేడా లేకుండా నడవాలి. సాలిడ్‌లో ఎల్ అక్షరం. మొదటి పోస్టులో నేను చెప్పిందీ సాలిడే. అప్పుడు అందరూ నా మీద పడ్డారు.

నల్లబండ
నీ మీద పడింది సాలిడ్‌కు కాదు, "రోజుకొకటి"కి.

కొత్త_కొలువు
ఇదంతా ఏఐని అడిగితే రాసివ్వదా?

బగ్గు_భాస్కర్
రాస్తుంది. మా వాడు అడిగాడు. ఆరు ఇంటర్‌ఫేస్‌లు ఇచ్చింది, ఒక్కోదానికి ఒక్కటే ఇంప్లిమెంటేషన్. మా కస్టమర్ రేపు ఏం మార్చమంటాడో దానికెట్ల తెలుస్తుంది, ఆ కస్టమర్‌కే తెలియదు.

ఆదోని_పత్తి
ఇంతసేపూ ఎవరూ కీబోర్డ్ వదలమని చెప్పలేదు. 1989లో కెంట్ బెక్, వార్డ్ కనింగ్‌హామ్ సీఆర్‌సీ కార్డులు అని ఒక పద్ధతి పెట్టారు. ఓఓ ఆలోచన నేర్పడం కోసమే చేసింది. ఒక్కో అట్టముక్క ఒక్కో క్లాస్. పైన పేరు, ఎడమవైపు దాని బాధ్యతలు, కుడివైపు అది ఎవరిని అడుగుతుందో ఆ పేర్లు. అట్ట చిన్నది కాబట్టి బాధ్యతలు ఎక్కువైతే పట్టవు. పట్టకపోతే ఆ క్లాస్‌ను విడగొట్టాలని అర్థం.

మేము పత్తి మార్కెట్ పనికి ఇట్లే చేశాం. నేను, ఇంకో డెవలపర్, ఒక జిన్నింగ్ మిల్లు గుమాస్తా. పెళ్లి కార్డులను ముక్కలు చేసి వెనకవైపు రాశాం. "తేమ ఎక్కువుంటే రేటు ఎవరు తగ్గిస్తారు?" అని అడిగితే ఆయన ఠక్కున ఇద్దరు మనుషుల పేర్లు చెప్పాడు. మా కోడ్‌లో ఆ ఇద్దరూ లేరు. బిల్లు క్లాసే అన్నీ చేసేస్తోంది. ఆ సాయంత్రం అట్టముక్కల మీద వచ్చిన గీతలే ఇప్పటికీ మా ప్యాకేజీలు.

కక్కలపల్లి_కోడర్, నువ్వు మండీలోనే ఉన్నావు. మీ గుమాస్తాను టీకి పిలువు.

ఉగ్గాని_బజ్జి
టీతో పాటు నన్ను కూడా పెట్టండి ప్లేట్‌లో

కక్కలపల్లి_కోడర్
ఐడియా బాగుంది ఆదోని_పత్తి గారూ. కానీ అసలు సమస్య టైము. రీఫ్యాక్టరింగ్‌కు (ఫలితం మారకుండా కోడ్ సర్దడానికి) ఒక వారం ఇవ్వండి అంటే "కస్టమర్‌కు ఏం కనిపిస్తుంది?" అంటాడు మేనేజర్.

టెస్టర్_అక్క
వారం అడగొద్దు. ఏ మేనేజరూ ఇవ్వడు, ఇవ్వకపోవడంలో తప్పూ లేదు. వచ్చే కొత్త మండీ టికెట్‌లోనే కలిపి చెయ్. ఇఫ్ ఇంకొకటి పెట్టడానికి ఎంత టైము చెప్తావో దానికి కాస్త కలిపి చెప్పు.

ముట్టుకునే ముందు మాత్రం ఒక పని తప్పదు. డేటాబేస్‌లోంచి పాత పట్టీలు తీయి. అన్ని మండీలవీ, ఇఫ్‌కొకటైనా ఉండేట్టు చూసుకో. సరుకు వివరాలు ఒకవైపు, అప్పుడు వచ్చిన మొత్తం ఇంకోవైపు పెట్టి టెస్టుగా రాయి. కోడ్ మార్చిన ప్రతిసారీ అవే అంకెలు రావాలి. వాటిలో కొన్ని పాత లెక్కలే తప్పు ఉంటాయి. అవి కనిపించినా అప్పుడే సరిచేయకు. డిజైన్ మార్చడం, లెక్క మార్చడం ఒకే కమిట్‌లో కలిపితే తర్వాత ఏది దేనివల్ల మారిందో దేవుడికి కూడా తెలియదు.

నల్లబండ
టికెట్‌లో కలిపి చెప్పడం నాకు నచ్చదు అక్కా. అది దాచిపెట్టి చేయడమే. మేనేజర్‌కు ఆ రెండు మొత్తాల గొడవ చూపించి, మళ్లీ రాకూడదంటే ఇది చేయాలి అని ఓపెన్‌గా అడగాలి.

టెస్టర్_అక్క
నీ మేనేజర్ మంచోడు కాబట్టి అంటున్నావు. కరెంటు పని చేసేవాడు టేపు చుట్టడానికి వేరే పర్మిషన్ అడగడు. నా వరకు ఇదీ అంతే.

పైథాన్_పెద్దన్న
సరే, నా వైపు నుంచి ఒక మాట. కమీషన్‌కు ఒక ఇంటర్‌ఫేస్, శాతం కమీషన్ ఒక క్లాస్, బాక్సు కమీషన్ ఒక క్లాస్ అంటారు, సీమ_జావా వచ్చి దాని పేరు స్ట్రాటజీ ప్యాటర్న్ అంటాడు. ఆ క్లాస్ లోపల ఏముంటుంది? ఒకే ఒక్క మెథడ్. అది ఫంక్షనే కదా. 2014లో జావా 8 వచ్చినప్పటి నుంచీ మీరు కూడా లాంబ్డా (పేరు లేని ఫంక్షన్) రాసి పంపుతున్నారు.

సీమ_జావా
దాని పేరు స్ట్రాటజీయే. ఎట్ల రాసినా.

తుంగభద్ర_గట్టు
ఇద్దరిదీ కరెక్టే. కమీషన్ రూల్‌కు దాచుకోవాల్సిన విషయం ఏమీ లేకపోతే లాంబ్డా చాలు. కనీస కమీషన్, పాత రైతుల జాబితా, ఏ తేదీ నుంచి అమలు, ఇట్లాంటివి వచ్చాయంటే దానికి ఇల్లు కావాలి, అప్పుడు క్లాస్.

ఇంకో తేడా కూడా చూడాలి. ఓఓ పద్ధతిలో కొత్త రకాలు చేర్చడం తేలిక, ఉన్న రకాలన్నిటికీ కొత్త పని చేర్చడం కష్టం. ఫంక్షన్లతో పోతే తిరగబడుతుంది. కాబట్టి ఏది ఎక్కువసార్లు వస్తుందో చూడు. మీ దగ్గర కమీషన్ రకాలు సీజన్‌కొకటి పుడుతున్నాయి, వాటితో చేసే పని మాత్రం ఒకటే, ఎంతో చెప్పడం. అక్కడ ఇంటర్‌ఫేస్. అదే చెల్లింపు తీసుకో. నగదు, చెక్కు, యూపీఐ. రకాలు పెద్దగా పెరగవు, రిపోర్టులు మాత్రం రోజూ కొత్తవి అడుగుతారు. అక్కడ సీల్డ్ ఇంటర్‌ఫేస్ (ఏ రకాలు ఉండొచ్చో ముందే ఖాయం చేసేది) పెట్టి, జావా 21లో స్విచ్ రాసుకుంటే ఒక్క రకం వదిలేసినా కంపైల్ కాదు. ఒకే ప్రాజెక్టులో రెండూ ఉండొచ్చు.

పైథాన్_పెద్దన్న
ఇదైతే ఒప్పుకుంటా. డిక్షనరీ గురించి మాత్రం మేష్టారికి ఇంకా జవాబు బాకీ ఉన్నా. మావాళ్లు డిక్షనరీ బదులు డేటాక్లాస్‌ను ఫ్రోజెన్ (విలువలు మార్చలేకుండా) పెట్టి వాడుతున్నారు ఇప్పుడు.

కడప_మేష్టారు
అదే జవాబు. పది మార్కులు.

కక్కలపల్లి_కోడర్
కొన్ని వారాల తర్వాత వస్తున్నా. గుమాస్తాతో కూర్చున్నాం, అట్టముక్కలతోనే. తరుగు కాయను బట్టి మారుతుంది, కమీషన్ మండీని బట్టి మారుతుంది, అడ్వాన్స్ రైతు ఖాతాకు చెందుతుంది అని ఆయన నోటితోనే మూడు కుప్పలు పెట్టాడు. మేము అన్నీ కలిపి కోతలు అని ఒకే టేబుల్‌లో పెట్టి ఉన్నాం.

ఇప్పటికి కమీషన్ ఒక్కటే బయటికి తీశా. మండీకొక కమీషన్ రూల్ ఉంటుంది. పట్టీ అనే ఆబ్జెక్ట్ ఒకసారి తయారైతే మారదు, ప్రింటూ ఎస్ఎంఎసూ రిపోర్టూ ఎక్సెలూ అన్నీ దాన్నే అడుగుతాయి. మండీ కోడ్ చూసే ఇఫ్‌లు ఆ నాలుగు చోట్లా పోయాయి. టెస్టర్_అక్క చెప్పినట్టు పాత పట్టీలతో టెస్టులు పెట్టాను. మూడు మండీల్లో రూపాయి తేడా వస్తోంది. పట్టీసర్వీస్ ఇంకా వెయ్యి లైన్ల పైనే ఉంది. లీడ్ "తరుగు ఎప్పుడు?" అని రాశాడు, అంతే.

ఆ రూపాయి తేడా గురించే అడగాలి. పాత కోడ్ ప్రతి కోతను విడిగా రూపాయికి రౌండ్ చేస్తోంది. నేను చివర్లో ఒకేసారి చేశా. డబ్బు అనే క్లాస్ ఒకటి రాసి రౌండింగ్ అందులో పెట్టాను. అది దాని పనేనా?

ఆదోని_పత్తి
కాదనుకుంటా. పైసలను ఎక్కడ, ఎటు సర్దాలి అనేది డబ్బు లక్షణం కాదు, మండీ ఆచారం. మీ కొత్త మండీ వాడు వచ్చి "మేము రూపాయి లోపు రైతుకే వదిలేస్తాం" అంటే డబ్బు క్లాస్‌లో ఇఫ్ పెడతావా?

టెస్టర్_అక్క
కమీషన్ రూల్ పక్కనే పెట్టు. మండీకొక రౌండింగ్ రూల్. ముందు పాత అంకెలు వచ్చేట్టు చెయ్, ప్రతి కోతకూ విడిగానే రౌండ్ చెయ్. మార్చాలా వద్దా అనేది మండీవాళ్లు చెప్పాలి.

తుంగభద్ర_గట్టు
రౌండింగ్ మోడ్ ఏది పెట్టావో కూడా చూసుకో. హాఫ్ ఈవెన్ (సరిగ్గా సగమైతే దగ్గరి సరి సంఖ్యకు) పెడితే 2.50 కాస్తా 2 అవుతుంది, 3.50 మాత్రం 4 అవుతుంది. బ్యాంకు లెక్కలకు బాగుంటుంది. మండీలో రైతు ముందు ఈ లెక్క చెప్పి చూడు.

కక్కలపల్లి_కోడర్
హాఫ్ ఈవెనే ఉంది అన్నా. మా లీడ్ పెట్టమన్నాడు.

బగ్గు_భాస్కర్
అయితే ఆ తేడా వచ్చిన పట్టీలు లీడ్ చేతికిచ్చి మండీకి పంపు

సీమ_జావా
డబ్బు క్లాస్ అన్నావు కాబట్టి ఇంకోటి. లోపల బిగ్‌డెసిమల్ (జావాలో కచ్చితమైన దశాంశ సంఖ్యల క్లాస్) పెట్టి ఉంటావు. దాని ఈక్వల్స్‌కు 2.0, 2.00 వేర్వేరు, ఎందుకంటే అది స్కేల్‌ను (చుక్క తర్వాత ఎన్ని అంకెలో) కూడా పోలుస్తుంది. రికార్డ్‌గా (ఈక్వల్స్ తనే రాసుకునే జావా క్లాస్ రకం) రాసి ఉంటే ఆ ఈక్వల్సే నీకూ వస్తుంది. టెస్టులో రెండూ ఒకటే అని రాస్తే ఫెయిల్ అవుతుంది, హ్యాష్‌సెట్‌లో వేస్తే రెండుగా కూర్చుంటాయి. కన్‌స్ట్రక్టర్‌లోనే స్కేల్ 2కు ఖాయం చేసెయ్. స్కేల్ 2కు తేవడం వేరు, రూపాయికి సర్దడం వేరు. మొదటిది డబ్బు క్లాస్‌లో ఉండనీ, రెండోది మాత్రం ఆదోని_పత్తి చెప్పినట్టు మండీ దగ్గర పెట్టు.

కక్కలపల్లి_కోడర్
రికార్డే రాశా. మూడు మండీల్లో ఒకదాని తేడా దీనివల్లే వస్తోందనుకుంటా, చూసి చెప్తా.